మూడో నంబరు మీద తువ్వాల

సౌదీలో తాయిఫ్ దాటి కొండ వైపు వెళ్తే దానిమ్మ తోటల మధ్య ఒక పంపుల స్టేషను ఉంది. కింది నుంచి వచ్చే నీళ్ళను పై తోటలకూ చిన్న చిన్న ఊళ్ళకూ ఎక్కించడం దాని పని. మొత్తం ఐదు పంపులు. పదకొండేళ్ళుగా అక్కడే పని చేస్తున్నాను. మొదటి ఏడేళ్ళు పంపుల పక్కన నిలబడి చేశాను, ఈ నాలుగేళ్ళూ కుర్చీలో కూర్చుని చేస్తున్నాను. ఏది కష్టమని సెలవుల్లో మా ఊరివాళ్ళు అడుగుతుంటారు. కుర్చీయే కష్టమంటే నవ్వుతారు. నవ్వనీ. నిలబడి చేసిన రోజుల్లో నా వల్ల ఎవరికీ ఏమీ కాలేదు.

అక్కడ నాకొక బావ ఉండేవాడు. చుట్టరికం ఏమీ లేదు. ఇద్దరిదీ జగిత్యాల వైపే, ఊళ్ళు వేరు. నేను దిగిన మొదటి రోజు క్యాంపులో మంచం చూపిస్తూ నా ఊరు అడిగాడు. చెప్పగానే, "ఇగ గంతే. మా ఇంటామెది మీ పక్కూరే. నువ్వు నాకు బామ్మర్దివి" అని వరుస కలిపేశాడు. ఆ సాయంత్రమే వీడియోలో భార్యకు చూపించాడు. "ఇగో, నీకొక తమ్ముడు దొరికిండు. నల్లగున్నడు గని మంచోడే" అన్నాడు. ఆమె సిగ్గుపడుతూనే "తిన్నవా తమ్మీ?" అని అడిగింది. అప్పటి నుంచి ఆమె నాకు అక్క. పదకొండేళ్ళలో ఆమె నన్ను తిన్నావా అని అడగని వారం లేదు, మొన్న మొన్నటి దాకా.

బావ చదివింది ఏడో తరగతి. కానీ పంపు ముందు పెద్ద డాక్టరు. అతని దగ్గర ఒక పొడుగాటి స్క్రూడ్రైవరు ఉండేది. దాని మొనను నడుస్తున్న పంపు బేరింగు మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని వినేవాడు.

"ఏమంటాంది బావా?" అని ఏడిపించేవాణ్ణి.

"ఆకలైతాందట. గ్రీజు వెట్టుమంటాంది. నీ లెక్క పొద్దుగాల్నే తమీస్ రొట్టె, ఫూల్ పప్పు బుక్కుతదా అది?"

విన్నాక అనుమానం తీరకపోతే పంపు ఆపించేవాడు. మోటారుకూ పంపుకూ మధ్య తిరిగే షాఫ్ట్ కడ్డీని కప్పి ఉండే ఇనుప తొడుగు విప్పి, కడ్డీని కుడిచేత్తో మెల్లగా తిప్పి చూసేవాడు. ఎక్కడ గరగరమంటోందో, ఎక్కడ బిగుసుకుందో ఆ అరచేతికి తెలిసేది. నాక్కూడా నేర్పాడు. నేను నేర్చుకున్నంత మటుకు నేర్చుకున్నాను. అతని చేతికి తెలిసింది నా చేతికి ఎన్నడూ తెలియలేదు.

తువ్వాల సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో ప్రతి పంపు పక్కనా దాని స్విచ్చుల పెట్టె ఉండేది. ఎవరైనా పంపులో చెయ్యి పెట్టాలంటే ముందు స్విచ్చు కట్టేసి, తన తువ్వాలను ఆ పెట్టె హ్యాండిల్‌కు వేసి వెళ్ళేవాడు. తువ్వాల కనబడితే లోపల మనిషి ఉన్నట్టు. దాన్ని వేసినవాడే తీయాలి. వాడి తమ్ముడు తీయకూడదు, ఇంజినీరు తీయకూడదు, స్టేషను యజమాని వచ్చినా తీయకూడదు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు గానీ తెలంగాణ వాళ్ళం, బంగ్లా వాళ్ళు, పాకిస్తాన్ వాళ్ళు, అందరం పాటించేవాళ్ళం. బావది ఎర్ర గళ్ళ తువ్వాల. ఒకసారి రోడ్డు మీది కోతులు లోపలికి వచ్చి రొట్టెల సంచితో పాటు దాన్నీ ఎత్తుకుపోతే, పంపు పని వదిలేసి కోతి వెంట కొండెక్కాడు. గంట సేపటికి తువ్వాలతో దిగి వచ్చి, మళ్ళీ హ్యాండిల్‌కు వేసి, అప్పుడు పనిలో చెయ్యి పెట్టాడు. మేమంతా పడీ పడీ నవ్వాం. అతను నవ్వలేదు.

నాలుగేళ్ళ కింద స్టేషనంతా కంప్యూటరు కిందికి వచ్చింది. ఏ పంపు ఎప్పుడు నడవాలో, ఎప్పుడు ఆగాలో అదే చూసుకుంటుంది. ఒకటి అలిసిపోతే ఇంకోదాన్ని అదే లేపుతుంది. రెండు వందల అడుగుల దూరంలో, కిటికీ లేని ఒక గది కట్టి, దాంట్లో పెద్ద తెర పెట్టారు. ఐటీఐ చదివి, కాస్త ఇంగ్లీషు చదవగలవాణ్ణి నేనొక్కణ్ణే గనక ఆ కుర్చీ నాకిచ్చారు. మా ఇంజినీరు ఈజిప్టు మనిషి, మంచివాడు. పంపుల పక్కన ఉన్న పెట్టెలకు తాళాలు వేసి, తాళంచెవులు తన బీరువాలో పెట్టుకున్నాడు. ఇక చేత్తో ఏమీ కట్టేయొద్దు, అంతా గదిలోంచే అన్నాడు. పంపులో చెయ్యి పెట్టేవాళ్ళ కోసం ఎర్ర చీటీలతో కొత్త తాళాలు కూడా వచ్చాయి. అవీ ఆ బీరువాలోనే ఉన్నాయి. కావాలంటే కాగితం నింపి, రెండు సంతకాలు చేయించుకోవాలి. ఐదు నిమిషాల పనికి ఎవరు వెళ్తారు? అందరూ గదిలోకి వాకీటాకీలో చెప్పి, మూసిన పెట్టె హ్యాండిల్‌కే తువ్వాల వేసి పని చేసుకునేవాళ్ళు. తెరకు తువ్వాల కనబడదని మాలో ఎవరికీ తట్టలేదు. నాకు తట్టి ఉండాల్సింది. తెర ముందు కూర్చున్నది నేను.

మొదట్లో నాకు ఎంత గర్వమో! కుర్చీలో కూర్చుని ఫోటో తీయించుకుని ఇంటికి పంపాను. బావ వచ్చి గుమ్మంలో నిలబడి గదంతా కలియజూశాడు.

"దొర లెక్క కూసున్నవ్ రా బామ్మర్ది. గీ కిటికీ లేని అర్రల కూసుంటె బయట ఏమైతాందో నీకెట్ల ఎరుకైతది?"

"గీ తెర సెప్తది బావా."

"ఇంతకు ముందు నువ్వే సెప్పేటోనివి గదరా," అన్నాడు.

తెర చెప్పేది నిజమే, చెప్పడమే తప్ప ఇంకో పని లేదు దానికి. దుమ్ము పడితే కూత. నీటి మట్టం వేలెడు పెరిగితే కూత. పంపు మారితే కూత, మారబోతుంటే కూత. ప్రతి కూతకూ ఒక వాక్యం వస్తుంది, కింద ఒక బటన్. చదివానని చెప్పడానికి అది నొక్కాలి, నొక్కితే నోరు మూసుకుంటుంది. మొదటి నెల ప్రతి వాక్యమూ చదివాను. రెండో నెల మొదటి పదం చదివాను. ఆరు నెలలు తిరిగేసరికి, ఫోన్లో ఇంటామె చెప్పేదానికి ఊఁ కొట్టినట్టు, తెరకు ఊఁ కొట్టడం వచ్చేసింది. వేలు దానంతటదే లేచేది, నొక్కేది. నేను సోమరినని అనుకోవద్దు. పన్నెండు గంటల డ్యూటీలో ఒక్కసారి కళ్ళు మూసినవాణ్ణి కాదు. కళ్ళు తెరిచే ఉన్నాయి, చూసేవాడే ఎటో పోయాడు.

ఆ సంగతి జరిగిన వారంలో, మూడు రోజుల ముందు, బావ నా దగ్గరికి వచ్చాడు.

"మూడో నంబర్ల సప్పుడు మారిందిరా. జెర సూడు."

చూశాను. తెర మీద వేడి అంకె ఆకుపచ్చగానే ఉంది, అదురు అంకె ఆకుపచ్చగానే ఉంది. "అంత మంచిగనే ఉన్నది బావా."

"నీ తెరకు మంచిగున్నది. దానికి మంచిగ లేదు."

"నీకు వయసు మీద వడ్డది. సప్పుడు నీ చెవులల్ల మారింది," అన్నాను. వేళాకోళానికే అన్నాను. అతనూ నవ్వాడు. కానీ ఆ మూడు రోజులూ పంపు దగ్గరికి వెళ్ళి స్క్రూడ్రైవరు ఆనించి వింటూనే ఉన్నాడట. నా మాట కాదనలేక, తన చెవిని కాదనలేక, చివరికి చేత్తోనే తేల్చుకుందామనుకున్నాడు.

పొద్దున పది దాటింది. టీ తెచ్చి బల్ల మీద పెట్టుకున్నాను. వాకీటాకీలో బావ గొంతు వచ్చింది.

"మూడో నంబర్ బందు వెట్టు బామ్మర్ది. షాఫ్ట్ తిప్పి సూస్త. ఐదు నిమిషాల పని."

నొక్కాను. తెర మీద మూడో నంబరు ఆకుపచ్చ పోయి ఎర్రగా మారింది. "పెట్టిన బావా."

"పెట్టినవా?"

"పెట్టిన."

అతనెప్పుడూ రెండుసార్లు అడుగుతాడు. అది నాకు ముందే తెలుసు గనక రెండోసారి తెర వైపు చూడకుండానే చెప్పాను.

కొత్త పద్ధతిలో పంపును ఆపడం అంటే రెండు పనులు. ముందు దాన్ని కంప్యూటరు చేతిలోంచి తప్పించాలి, ఆ తర్వాత ఆపాలి. ఉత్తగా ఆపితే, అది విశ్రాంతిలో ఉందనుకుంటుంది కంప్యూటరు. అవసరం పడితే లేపుతుంది. ఇది నాకు తెలియక కాదు. నాకు నేర్పారు, కొత్తగా వచ్చినవాళ్ళకు నేనే నేర్పాను. కానీ ఏడేళ్ళు పంపు పక్కన నిలబడ్డ వేలు అది. దానికి ఆపడమంటే ఆపడమే. పాత అలవాటుతో ఆపాను.

కాసేపటికి ఒకటో నంబరు దానంతటదే ఆగిపోయింది. కూత వచ్చింది. ముప్ఫై సెకన్లలో మూడో నంబరును నడుపుతున్నాను అని వాక్యం వచ్చింది. కింద బటన్. కొత్త అలవాటుతో ఊఁ కొట్టాను.

తర్వాత మూడో నంబరు ఆకుపచ్చగా మారింది. అది నాకు బాగా గుర్తుంది. ఆకుపచ్చ చూసి, హమ్మయ్య, నీళ్ళు తగ్గవులే అనుకున్నాను. అనుకుని టీ కప్పు ఎత్తి ఒక గుక్క తాగాను. ఆ గుక్క గొంతులో ఉండగా మూడో నంబరు అన్న మాట లోపల ఎక్కడో తగిలింది. కప్పు ఏమైందో తెలియదు. నేను ఆ రెండు వందల అడుగులూ పరిగెత్తి చేరేసరికే, అక్కడ పని చేస్తున్న బంగ్లా మనిషి ఒకడు గోడ మీది ఎర్ర బటన్ గుద్ది పంపు ఆపేశాడు. బావ గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కుడిచెయ్యి మణికట్టు దాకా లేదు. అరవడం లేదు. నన్ను చూసి, "పెట్టిన అన్నవ్ గదరా," అన్నాడు. తిట్టినట్టు కాదు. నిజంగా అర్థం కాక అడిగినట్టు అన్నాడు.

పెట్టె హ్యాండిల్‌కు ఎర్ర గళ్ళ తువ్వాల వేసినది వేసినట్టే ఉంది.

మర్నాడు మూడో నంబరు విప్పారు. బేరింగు అరిగిపోయింది. బావ చెవి తప్పు చెప్పలేదు. ఇంకో పది రోజులు పోతే గానీ తెర మీద రంగు మారేది కాదట. ఆ మాట విని నేను బాత్రూములోకి పోయి తలుపేసుకుని గోడకు తల బాదుకున్నాను.

విచారణ జరిగింది. కంప్యూటరు అన్నీ రాసిపెట్టుకుంటుంది. ఇంజినీరు కాగితం నా ముందు పెట్టి వేలితో చూపించాడు. వాక్యం వచ్చిన రెండు సెకన్లకే బటన్ నొక్కినట్టుంది. "చదివావా?" అన్నాడు. నేను నేల చూశాను. కానీ వాకీటాకీలో మాట్లాడింది ఎక్కడా రాసి ఉండదు. లోపల మనిషి ఉన్నాడని నాకు తెలుసా లేదా అన్నదే అసలు ప్రశ్న. తెలిసి నడిపితే పోలీసు కేసు, జైలు. తెలియకపోతే, రోజూ వచ్చే నూరు కూతల్లో అదొక కూత.

అడగడానికి ఆసుపత్రికి వెళ్ళారు. నన్నూ తీసుకెళ్ళారు. కట్టు కట్టిన చెయ్యిని దిండు మీద పెట్టుకుని ఉన్నాడు బావ. గదిలోకి చెప్పే వెళ్ళావా అని ఇంజినీరు అడిగాడు. బావ నా వైపు చూడనైనా చూడలేదు. "లా, ముహందిస్. అనా గల్తాన్" అన్నాడు. లేదు సార్, తప్పు నాదే అని. చెప్పకుండా వెళ్ళాను, తాళం అడగలేదు, ఐదు నిమిషాలే కదా అనుకున్నాను అని, తనకొచ్చిన అరబ్బీ అంతా కూడగట్టి చెప్పాడు. రాసుకున్నారు. ఎడమచేతి వేలిముద్ర తీసుకున్నారు. నేను అక్కడే ఉన్నాను. నా నోట్లో నాలుక ఉంది. దాన్ని కదపలేదు. ఇది రాస్తున్నందుకు ఇప్పుడు నన్ను ఎవరైనా ఏమైనా అనొచ్చు, నేను అనుకున్నదాని కంటే ఎక్కువేమీ అనలేరు.

కుడిచెయ్యి లేనివాడికి అక్కడ పనేముంది? నెల తిరక్కుండా బావకు ఎగ్జిట్ కొట్టి, ఇక తిరిగి రాకుండా ఇంటికి పంపేశారు. జిద్దాలో విమానం. కొండ దిగే బండిలో పక్కన కూర్చుని వెళ్ళాను. మలుపు మలుపుకూ అతని శరీరం ఒరిగితే, లేని చేత్తో ముందు సీటు పట్టుకోబోయేవాడు. మూడోసారికి నేనే భుజం పట్టుకున్నాను. అప్పుడు అడిగాను, ఎందుకట్లా చెప్పావని.

"నీకు ఇద్దరు ఆడివిల్లలు. నిన్ను లోపలేస్తె ఎవలు ఇడిపిత్తరు? నా చెయ్యైతె మల్ల రాదు గదా."

ఇంకో మలుపు దాటాక, "మీ అక్కకు ఒకటి సెప్పిన. నువ్వే ఉరికొచ్చి పంపు బందు వెట్టినవ్, లేకుంటె మనిషినే గుంజుతుండె అన్న. నువ్వు గూడ అదే అను," అన్నాడు.

"గట్లెట్ల అంట బావా?"

"అనుర్రా. మా ఇంట్ల నీకు బుక్కెడు బువ్వ పుట్టాలె గదా."

ఆ తర్వాత పనిలో ఎవరూ నన్నేమీ అనలేదు. తెర ముందు పెద్ద అక్షరాలతో ఒక కాగితం అంటించారు, తాళం లేనిదే చెయ్యి పెట్టరాదు అని. ఎర్ర గళ్ళ తువ్వాలను మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. ఇంజినీరు తీయమని రెండుసార్లు చెప్పాడు. మావాళ్ళు తల ఊపి వెళ్ళిపోయారు. బావకు ఫోన్ చేసి తీయనా అని అడిగాను. "నేను తియ్యంది నువ్వెట్ల తీస్తవ్?" అన్నాడు. ఎండకు దాని ఎరుపు పోయింది, అంచు చిరిగింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

ఏడాది తర్వాత సెలవు దొరికింది. ఖర్జూరం, దుప్పటి, తల నొప్పి మందు సర్దుకుని బావ ఊరికి వెళ్ళాను. దారంతా ఏమనాలో మనసులో అనుకుంటూనే ఉన్నాను. అక్కను ఎదురుగా చూడటం అదే మొదటిసారి. వీడియోలో కంటే పొట్టిగా ఉంది. కాళ్ళకు నీళ్ళిచ్చింది, కుర్చీ వేసింది. లోపలికి వెళ్ళి మడత విప్పని కొత్త తువ్వాల తెచ్చి, నా భుజాల చుట్టూ కప్పింది. మా వైపు మర్యాద అది. ఎవరినైనా గొప్ప చేయాలంటే అట్లాగే కప్పుతారు.

"నా పుస్తె నిలవెట్టినవ్ తమ్మీ," అంది. ఆమె కళ్ళ నిండా నీళ్ళు.

బావ అరుగు మీద కూర్చుని, చొక్కా చెయ్యి మడిచి గుండెలకు ఆనించుకుని ఉన్నాడు. "ఇగ సాలుతియ్యే. అన్నం వెట్టు," అన్నాడు.

ఆ తువ్వాల బరువు నేను మోయలేకపోయాను. అనుకున్న మాటలేవీ రాలేదు.

"అక్కా, పంపు బందు వెట్టింది నేను గాదు."

"ఏయ్, ఊకో," అన్నాడు బావ.

"నడిపిందే నేను. బావ బందు వెట్టుమన్నడు. రెండుసార్లు అడిగిండు. పెట్టిన అన్న, సరింగ పెట్టలే. మల్ల నడుపుతున్న అని తెర మీద వచ్చింది. బటన్ ఒత్తిన."

అక్క భర్త వైపు చూసింది. బావ తల వంచుకున్నాడు. దాంతో ఆమెకు నిజమని తెలిసిపోయింది. అరుస్తుందేమో, కొడుతుందేమో అనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆమె మెల్లగా అడిగింది.

"ఒత్తంగ ఏం సూస్తున్నవ్ తమ్మీ? ఫోనా?"

"కాదక్కా."

"కన్నంటుకున్నదా?"

"లేదక్కా."

"మరేం సూస్తున్నవ్?"

"తెరనే సూస్తున్నక్కా."

"సూసుకుంటనే ఒత్తినవా?"

ఇంజినీరు అడిగినప్పుడు నేల చూసినవాణ్ణి. ఆమె ముఖమే చూస్తూ ఉండిపోయాను.

ఆమె లోపలికి వెళ్ళింది. ఇక రాదనుకున్నాను. రెండు కంచాలతో వచ్చింది. ఒకటి నా ముందు పెట్టింది, రెండోది ఒళ్ళో పెట్టుకుని బావ పక్కన కూర్చుంది. నలుగురి ముందు ఎడమచేత్తో తినడం అతనికి ఇష్టం ఉండదు. కూర కలిపింది. మాంసం ముక్కను వేళ్ళతో నలిపి, ఎముక ముక్క ఏమైనా ఉందేమోనని మళ్ళీ మళ్ళీ తడిమి చూసి, ముద్ద చేసి అతని నోటికి అందించింది. అతను నమిలి మింగేదాకా అతన్నే చూసి, అప్పుడు తర్వాతి ముద్దలో చెయ్యి పెట్టింది. ఒక్క ముద్ద కూడా చూడకుండా పెట్టలేదు.

నన్ను తినమని అనలేదు. నా భుజాల మీద ఆ తువ్వాల అట్లాగే ఉంది. మా స్టేషనులో ఎవరు వేసింది వాళ్ళే తీయాలి. అక్క లేచి కంచాలు తీసింది, అరుగు తుడిచింది, తువ్వాల తీయలేదు. నేను దాన్ని కప్పుకునే బస్సెక్కాను.